ఏనుగును పడగొడితే 1,100 పాయింట్లు

పోయిన వానాకాలంలో ఒక ఆదివారం సాయంత్రం, జంషెడ్‌పూర్ కద్మాలోని మా ఇంట్లో డైనింగ్ టేబుల్ చుట్టూ ఆరుగురం కూర్చున్నాం. పక్కింటి ఎనిమిదో తరగతి అమ్మాయి, వాళ్ల అన్నయ్య, ఇంజినీరింగ్ చదివే ఇద్దరు కుర్రాళ్లు, స్టీల్ కర్మాగారంలో రిటైరైన ఒక పెద్దాయన, నేను. బల్ల మీద ఇరవై ముఖాల పాచిక ఒకటి, మామూలు పాచికలు నాలుగు, పెన్సిళ్లు, ఉడకబెట్టిన వేరుశనగ కాయలు. కథ ఇది: దల్మా కొండల కింద ఒక ఊరు. కోతలు అయిపోయి ధాన్యం కల్లంలో ఉంది. అర్ధరాత్రి ఏనుగుల మంద దిగింది. ఊరివాళ్లుగా ఆడుతున్న ఈ ఐదుగురూ ఏం చేస్తారు?

దీన్ని టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ గేమ్ అంటారు. బోర్డు తప్పనిసరి కాదు, గెలిచేవాళ్లు ఓడేవాళ్లు అంటూ ఉండరు. ఒకరు కథ నడుపుతారు, మిగిలినవాళ్లు తలా ఒక పాత్ర తీసుకుని "నేను ఇలా చేస్తాను" అంటారు. అది ఫలించిందా లేదా అన్నది అనుమానంగా ఉంటే పాచిక తేలుస్తుంది. ఆ రోజు నా చేతిలో ఉన్నవి ఈ రకం ఆటల్లో అందరికీ ఎక్కువగా తెలిసిన డంజియన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్ నియమాలు. వాటిలో ఏనుగుకు ఒక పట్టిక ఉంది. ప్రాణశక్తి 76 పాయింట్లు. దాన్ని ఓడించిన జట్టుకు 1,100 అనుభవ పాయింట్లు. ఆ అంకెలు చదివి వినిపించానో లేదో, ఇంజినీరింగ్ కుర్రాళ్లిద్దరూ బల్లేలు తీశారు.

అప్పుడు ఆ అమ్మాయి అడిగింది: "అక్కా, చంపకుండా అడవిలోకి పంపించేస్తే మనకి ఎన్ని?"

పేజీలు తిప్పాను. పోరాటం గురించి పేజీలకు పేజీలు ఉన్నాయి. జంతువును శాంతపరిచే నైపుణ్యం గురించి కొద్ది వాక్యాలు ఉన్నాయి. పోట్లాట లేకుండా గండం గట్టెక్కినా పాయింట్లు ఇవ్వవచ్చని ఆట నడిపేవారికి ఒక సూచన కూడా ఉంది. కానీ అది సూచన. ఏనుగు చావుకు మాత్రం అచ్చులో అంకె ఉంది. "రూల్ ప్రకారం ఇంతే," అని తేల్చేశాను. గంటలో ఏనుగు పడిపోయింది. పాయింట్లు పంచుకున్నారు. తర్వాతి ఆదివారం ఆ అమ్మాయి రాలేదు.

ఆమెకు వేరే పనేదో ఉందని మూడు వారాలు నాకు నేనే చెప్పుకున్నాను. భౌతికశాస్త్రం చదువుకున్నదాన్ని కాబట్టి, నియమం అంటే ప్రకృతి పెట్టినదన్న మర్యాద నాలో ఎక్కడో ఉండిపోయింది. ఆట నియమం అలాంటిది కాదు. ఒక బల్ల చుట్టూ ఒక రకం మనుషులు ఒక రకంగా ఆడుతున్నప్పుడు వాళ్లకు పనికొచ్చేలా ఎవరో రాసుకున్నది. వేరే బల్ల దగ్గరికి వచ్చాక దాన్ని మార్చుకోవాలి. అయితే ఎలా మార్చాలన్నదానికి మాత్రం కొంచెం లెక్క కావాలి. ఇష్టానుసారం మార్చితే ఏమవుతుందో కూడా నేను చూశాను, ఆ సంగతి తర్వాత చెబుతాను.

నియమాలు గట్టిగా ఉండాలా, ఆట నడిపే మనిషి విచక్షణకు వదిలేయాలా అన్న తగాదా చాలా పాతది. 1824లో ప్రష్యా సైన్యాధికారి ఫాన్ రైస్‌విట్జ్ తన యుద్ధక్రీడ నియమాలు ప్రచురించాడు. నిజమైన భూమి కొలతలతో పటం, సేనలకు బదులు రంగు దిమ్మెలు, నష్టాలు తేల్చడానికి పాచికలు, పట్టికలు, మధ్యవర్తిగా ఒక అంపైరు. అధికారులకు శిక్షణగా అది బాగా నడిచింది. కానీ పట్టికలు చూసుకుంటూ కూర్చుంటే ఆట నత్తనడక నడిచేది. 1876లో వెర్డీ డ్యు వెర్నోయిస్ అనే మరో ప్రష్యన్ అధికారి పట్టికలనూ పాచికలనూ పక్కన పెట్టించాడు. అనుభవమున్న అంపైరు తన బుద్ధితో ఫలితం చెబితే చాలన్నాడు. ఆట వేగం పుంజుకుంది. దానితోపాటు అంపైరు పక్షపాతమే చట్టమయ్యే ప్రమాదమూ వచ్చింది. 1969లో అమెరికాలోని మిన్నెసోటాలో డేవిడ్ వెస్లీ 'బ్రౌన్‌స్టైన్' అనే ఆట నడిపి, ఆటగాళ్లకు పటాలాలకు బదులు ఊళ్లోని ఒక్కొక్క మనిషి పాత్ర ఇచ్చాడు. ఆట తన చేయి దాటిపోయిందని ఆయన బాధపడ్డాడు, ఆడినవాళ్లు మాత్రం మళ్లీ పెట్టమన్నారు. ఆ బృందంలోని డేవ్ ఆర్నెసన్, గ్యారీ గైగాక్స్‌తో కలిసి 1974లో డంజియన్స్ అండ్ డ్రాగన్స్ తెచ్చాడు.

ఆ 1974 నియమాల్లో ఒక చిన్న సంగతి మన ఏనుగుకు నేరుగా సంబంధించింది. అప్పట్లో అనుభవ పాయింట్లు ఎక్కువగా వచ్చేది నిధి వల్ల. బయటికి తెచ్చిన ప్రతి బంగారు నాణేనికీ ఒక పాయింటు. రాక్షసుణ్ణి చంపితే వచ్చేవి దానితో పోలిస్తే తక్కువ. ఫలితం ఊహించవచ్చు. తెలివైన ఆటగాళ్లు రాక్షసుడు నిద్రపోయేదాకా ఆగేవారు, లంచం ఇచ్చేవారు, వెనక దారి వెతికేవారు. పోరాటం వాళ్లకు ఖర్చు. తర్వాతి ఎడిషన్లలో బంగారం లెక్క వెనక్కి పోయి, శత్రువును ఓడించడం ముందుకు వచ్చింది. అదే ఆట, అవే కత్తులు. పాయింట్లు దేనికి ఇస్తున్నారో మారేసరికి మనుషుల ప్రవర్తన మారిపోయింది. మా ఇంజినీరింగ్ కుర్రాళ్లు క్రూరులేమీ కారు. 1,100 ఎక్కడ ఉందో అటు నడిచారు.

ఆడేవాళ్లలో రకాలుంటారన్నది కూడా కొత్త విషయం కాదు. 1980లో గ్లెన్ బ్లాకో 'డిఫరెంట్ వరల్డ్స్' పత్రికలో ఒక వ్యాసం రాసి, ఆటగాళ్లను నాలుగు ధోరణులుగా విడదీశాడు. పాత్రలో లీనమయ్యేవాళ్లు, కథ కోసం వచ్చేవాళ్లు, శక్తి పెంచుకోవడం కోసం ఆడేవాళ్లు, వ్యూహం కోసం ఆడేవాళ్లు. ఆ తర్వాత ఇలాంటి వర్గీకరణలు చాలా వచ్చాయి. మనుషులను డబ్బాల్లో పెట్టే ఏ పట్టిక మీదా నాకు పెద్దగా నమ్మకం లేదు. మా బల్ల దగ్గర ఒకే కుర్రాడు ఏడు గంటలకు వ్యూహకర్త, ఎనిమిదింటికి కథకుడు, ఆకలేస్తే ఏదీ కాదు. అయినా ఆ వ్యాసం ఒక పని చేసింది. నీ ఆట తప్పు, నాది ఒప్పు అనే గొడవను, మనిద్దరం వేర్వేరు వాటి కోసం వచ్చాం అనే మాటగా మార్చింది.

ఇక పాచికల దగ్గరికి వద్దాం. అసలు రుచి ఇక్కడే ఉంది.

ఇరవై ముఖాల పాచికలో ప్రతి అంకెకూ సమాన అవకాశం, 5 శాతం. పాదముద్రలు చూసి మంద ఎటు పోయిందో చెప్పడానికి 15 చేరాలనుకుందాం. ఏమీ తెలియని కొత్తవాడికి 15 నుంచి 20 దాకా ఏది పడినా చాలు, అంటే 30 శాతం. అడవిలో పెరిగిన వేటగాడికి 7 పాయింట్ల అదనపు బలం ఉంటే అతనికి 8 పడితే చాలు, అంటే 65 శాతం. ఇప్పుడు ఆ పాచిక తీసేసి, మామూలు ఆరు ముఖాల పాచికలు మూడు వేసి మొత్తం చూద్దాం. రెండింటి సగటూ 10.5 మాత్రమే. కానీ మూడు పాచికల మొత్తంలో మధ్య అంకెలు ఎక్కువగా, చివరి అంకెలు అరుదుగా వస్తాయి. 216 రకాల పడకల్లో 15 అంతకన్నా ఎక్కువ వచ్చేవి 20 మాత్రమే. కొత్తవాడి అవకాశం 9 శాతానికి పడిపోతుంది. వేటగాడిది 84 శాతానికి ఎక్కుతుంది.

సగటు మారలేదు, విస్తరణ మారింది. ప్రామాణిక విచలనం 5.8 నుంచి 3కు తగ్గింది. దాంతో కథ జాతే మారిపోయింది. మొదటి పాచికతో, అమాయకుడు అదృష్టం కొద్దీ గెలిచే జానపద కథ. రెండో దానితో, పనితనానికి విలువ ఉండే కథ. ఒకటి గొప్పదీ ఇంకొకటి తక్కువదీ కాదు. కానీ ఏది కావాలో తేల్చుకోకుండా పాచిక చేతికి తీసుకుంటే, తేల్చేది పాచికే.

ఇంకో మెలిక. ఐదుగురు కొత్తవాళ్లూ తలా ఒకసారి పాచిక వేస్తే? కనీసం ఒకరైనా నెగ్గే అవకాశం 83 శాతం. వేటగాడి కన్నా ఎక్కువ! చాలా బల్లల దగ్గర "నేనూ వేస్తా, నేనూ వేస్తా" అని అందరూ ఎగబడేది అందుకే, వాళ్లకు లెక్క తెలియకపోయినా చేతికి తెలుసు. దీనికి తలకిందులైన పరిస్థితి, ఐదుగురూ మంద పక్కనుంచి చప్పుడు చేయకుండా దాటాలి, ఒక్కరు తడబడినా ఏనుగులు లేస్తాయి అన్న నియమం. ఒక్కొక్కరికీ 65 శాతం నైపుణ్యం ఉన్నా, ఐదుగురూ నెగ్గే అవకాశం 12 శాతమే. ఐదో ఎడిషన్‌లో దీనికి ఒక చక్కని మందు ఉంది: జట్టులో కనీసం సగంమంది నెగ్గితే జట్టు నెగ్గినట్టే. ఆ ఒక్క వాక్యంతో 12 శాతం కాస్తా 76 శాతమవుతుంది. మాట మారలేదు, నైపుణ్యం మారలేదు. అందరూ అన్నచోట సగంమంది అని రాశారు, అంతే. తరగతి గదిలో ద్విపద విభాజనం పాఠం చెప్పడానికి నాణేలు ఎగరేసే టీచర్లు ఈ ఏనుగుల లెక్క ఒకసారి వాడి చూడాలని నా మనవి.

మూడు వారాల తర్వాత నేనే పక్కింటికి వెళ్లి ఆ అమ్మాయిని పిలిచాను. నియమాలు నువ్వే మార్చు అన్నాను. పెద్దాయన ఇంట్లో విన్నారు కాబోలు, సాయంత్రానికి ఒక చిన్న సంచితో వచ్చారు. వాళ్లది శ్రీకాకుళం వైపు. ఈ ఊళ్లో తెలుగు కుటుంబాలు చాలావరకు ఆ ప్రాంతాల నుంచి పనికోసం వచ్చి తరతరాలుగా ఉండిపోయినవే. "ఏటమ్మా ఆ పాచిక, సూదిమొనలా దొర్లిపోతంది. గవ్వలుండగా అదెందుకు?" అని సంచి విప్పారు. అష్టాచెమ్మ గవ్వలు.

అష్టాచెమ్మ తెలియని తెలుగువాళ్లు ఉండరు. నాలుగు గవ్వలూ వెల్లకిలా పడితే చెమ్మ, అంటే 4. నాలుగూ బోర్లా పడితే అష్ట, అంటే 8. గవ్వలు సమంగా పడతాయనుకుంటే రెండింటికీ అవకాశం పదహారింట ఒకటి, 6.25 శాతం. కానీ గవ్వ నాణెం కాదు. దాని ఆకారం, బరువు, వీపు అరిగిన తీరు, పడే నేల అన్నీ లెక్కలోకి వస్తాయి. ఒక గవ్వ వెల్లకిలా పడే సంభావ్యత 0.5 బదులు 0.6 అనుకోండి. తేడా చిన్నదే. కానీ నాలుగూ కలిసేసరికి చెమ్మ 13 శాతం, అష్ట 2.6 శాతం. ఐదు రెట్ల తేడా. పక్కవాళ్ల గవ్వలతో ఆడితే పంటలు పండవని మా అమ్మమ్మ అనేది. కారణం ఆమె అదృష్టం అనుకునేది, గవ్వల వీపులు అనుకునేది కాదు.

పెద్దాయన వాళ్ల ఇంటి ఆటలో ప్రత్యర్థి కాయను ఒక్కటైనా కొట్టకుండా లోపలి గళ్లలోకి వెళ్లకూడదు. మా అమ్మమ్మ ఇంట్లో ఆ నియమం లేదు. కొట్టి తీరాల్సిన ఇంట్లో ఆట వేటలా ఉంటుంది, పొడుగ్గా సాగుతుంది. మా ఇంట్లో పరుగు పందెంలా ఉండేది. ఈ రెండు ఇళ్లలో ఎవరూ పుస్తకం చూసి ఆడలేదు. ఆడేవాళ్లకు నచ్చిన తీరుకు నియమం దానంతటదే సర్దుకుంది. టేబుల్‌టాప్ ఆటలవాళ్లు 'హౌస్ రూల్' అని గొప్పగా చెప్పుకునేది మన అరుగుల మీద ఎప్పటినుంచో ఉన్నదే.

కొత్త ఆటకు ఆరు గవ్వలు పెట్టుకున్నాం. వెల్లకిలా పడినవి లెక్కపెట్టాలి. నాలుగు అంతకన్నా ఎక్కువైతే పని పూర్తిగా జరిగినట్టు. సరిగ్గా మూడైతే పని జరుగుతుంది కానీ ఏదో ఒకటి నష్టపోతారు. రెండు, అంతకన్నా తక్కువైతే పని చెడినట్టు. ఈ మధ్య మెట్టు మా సొంతం కాదు, 2010లో విన్సెంట్ బేకర్, మెగీ బేకర్ తెచ్చిన 'అపోకలిప్స్ వరల్డ్' నుంచి తీసుకున్నాం. అక్కడ రెండు మామూలు పాచికల మొత్తం 7 నుంచి 9 అయితే నెగ్గుతారు, కానీ మూల్యం ఉంటుంది. మా గవ్వల్లో ఈ మూడు ఫలితాలకూ దాదాపు మూడో వంతు చొప్పున అవకాశం: 64లో 22, 20, 22. పనితనం ఉన్నవాళ్లకు ఏడో గవ్వ ఇస్తాం. అప్పుడు పూర్తి విజయం 34 నుంచి సరిగ్గా 50 శాతానికి పెరుగుతుంది. ఈ లెక్క కట్టింది ఎనిమిదో తరగతి అమ్మాయే, పాస్కల్ త్రిభుజం గీసి. నేను పక్కన కూర్చుని వేరుశనగలు ఒలిచాను. పెద్దాయన గవ్వలు ఎటు మొగ్గుతాయో కూడా ముందు చూడాలని ఆమే అంది. ఒక్కో గవ్వను వంద సార్లు వేయడం వాళ్ల అన్నయ్య వంతు పడింది.

పాయింట్లు కూడా మార్చాం. ఏనుగును చంపితే సున్నా. మందను మనిషికి గాయం కాకుండా అడవిలోకి మళ్లిస్తే పూర్తి పాయింట్లు. ఇక్కడే, ముందు చెప్పిన సంగతి జరిగింది. మూడో ఆటలో ఇంజినీరింగ్ కుర్రాళ్లిద్దరూ రాత్రిపూట ఊరి చివర ఇప్పపూల బుట్టలు పెట్టడం మొదలుపెట్టారు. ఎందుకురా అంటే, ఏనుగులు వస్తేనే కదా మళ్లించి పాయింట్లు సంపాదించేది అన్నారు! నాకు నవ్వొచ్చింది, సిగ్గూ వేసింది. కొలత దేనికి పెడితే దాన్నే పండిస్తారన్నది ఆర్థికశాస్త్రంలో, పరిశోధనా సంస్థల్లో ప్రచురణల లెక్కల్లో ఎన్నోసార్లు చూసిన జబ్బే. నేను వెంటనే, గవ్వలు గాల్లో ఉండగానే, "ఇప్పపూలు పెడితే పాయింట్లు కట్" అన్నాను. పెద్దాయనకు కోపం వచ్చింది. "రూలు మార్చాలంటే ఆటకి ముందు మార్చాలమ్మా. గవ్వ పడ్డాక మారిస్తే అది రూలు కాదు, నీ ఇష్టం," అన్నారు. షాప్‌ఫ్లోర్ మీద ముప్పై ఏళ్లు పనిచేసిన మనిషికి ఆ తేడా నాకన్నా బాగా తెలుసు.

ఆయన మాటే నా అభిప్రాయం కూడా. ఆట నడిపేవారు ఎప్పుడైనా ఏ నియమమైనా మార్చవచ్చు అనే సంప్రదాయం ఈ ఆటల్లో బలంగా ఉంది. నేను దాంతో ఏకీభవించను. అది వెర్డీ అంపైరు మళ్లీ రావడమే. పుస్తకంలో ఉన్నది అక్షరం మారకూడదనేవాళ్లతోనూ ఏకీభవించను, ఆ మొండితనానికి మేం ఒక ఆటగత్తెను దాదాపు పోగొట్టుకున్నాం. ఇప్పుడు మా బల్ల మీద ఒక నోటు పుస్తకం ఉంది. ఎడమ పేజీలో పాత నియమం, కుడి పేజీలో కొత్తది, తేదీ, ఎందుకు మార్చామో ఒక వాక్యం. ఒకసారికి ఒక్క నియమమే మారుస్తాం. రెండు కలిపి మారిస్తే తేడా దేనివల్ల వచ్చిందో తెలియదు. ఏ ప్రయోగశాలలోనైనా మొదటి నెలలో నేర్పే పాఠమే ఇది.

మా ఊరు నేర్పిన మార్పు ఒకటుంది. తర్వాత చేరిన ఇద్దరికి కర్మాగారంలో షిఫ్టు డ్యూటీ. ఉదయం ఆరు, మధ్యాహ్నం రెండు, రాత్రి పది. ఈ ఆదివారం ఉన్నవాళ్లు వచ్చే ఆదివారం ఉండరు. నెలల తరబడి సాగే కథకు రూపొందించిన నియమాలు ఇక్కడ నడవవు, రాలేనివాళ్లు పాయింట్లలో వెనకబడి, చివరికి మానేస్తారు. బెన్ రాబిన్స్ అనే ఆట రూపకర్త 'వెస్ట్ మార్చెస్' పేరుతో నడిపిన పద్ధతి మాకు పనికొచ్చింది. ప్రతి ఆటా ఊళ్లోంచి మొదలై, ఊళ్లోకి తిరిగి రావడంతో ముగుస్తుంది. ఎవరు వస్తే వాళ్లే ఆ రోజు జట్టు. దానికి మేం చేర్చింది ఒక్కటే: పాయింట్లు మనిషికి కాదు, ఊరికి. బీ షిఫ్టులో ఉన్నవాళ్ల వాటా కూడా ఊరి ఖాతాలోనే పెరుగుతుంది.

ఇదంతా తెలుగులో రాసుకుని పంచుకోవడానికి చట్టపరమైన అడ్డు కూడా పెద్దగా లేదు. డంజియన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్ మూల నియమాల పత్రాన్ని 2023 జనవరిలో క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద విడుదల చేశారు. మూలాన్ని పేర్కొంటే చాలు, అనువదించవచ్చు, మార్చవచ్చు, అమ్మవచ్చు కూడా. 'ఫేట్' అనే మరో ఆట మూల నియమాలూ అలాగే అందుబాటులో ఉన్నాయి. బడుల్లో సైన్సు క్లబ్బులకు ఏటా 'విద్యా క్రీడలు' పేరిట రంగురంగుల పెట్టెలు వస్తుంటాయి. నియమాలు బిగించి, సరైన జవాబులు లోపల పెట్టి. నాకు వాటి మీద ఆశ లేదు. ఆరు గవ్వలూ ఒక నోటు పుస్తకమూ ఇచ్చి, ఈ నియమం ఎవరికి లాభిస్తోందో చూసి మీరే మార్చండి అంటే పిల్లలు సంభావ్యత దానంతటదే నేర్చుకుంటారు. దల్మా ఏనుగులు ఏటా బెంగాల్ పొలాల వైపు ఎందుకు వెళ్తున్నాయో కూడా అడగడం మొదలుపెడతారు. మా బల్ల దగ్గర అడిగారు.

ఇప్పుడు మా ఆట నాలుగో రూపంలో ఉంది. ఇప్పపూల కిటుకు మూసేశాం. పాయింట్లు మళ్లించినందుకు కాదు, కోతల నెల గడిచేసరికి ఊళ్లో ఎంత ధాన్యం, ఎందరు మనుషులు, అడవిలో ఎన్ని ఏనుగులు మిగిలాయో చూసి ఇస్తాం. కుర్రాళ్లు అప్పుడే దీన్లో ఇంకో సందు వెతుకుతున్నారని నాకు అనుమానం. పోయిన వారం ఒక ఏనుగు పిల్ల పాడుబావిలో పడింది, తల్లి కదలడం లేదు. దానికి మా పుస్తకంలో నియమం లేదు. పెద్దాయన ఆట ఆపించారు. వచ్చే ఆదివారంలోగా కుడి పేజీ రాసుకొస్తానని ఆ అమ్మాయి నోటు పుస్తకం ఇంటికి తీసుకెళ్లింది.